ఇరవై నాలుగు చేతులు, ఒక వార్నిష్ డబ్బా

ఇల్లరికం వెళ్లినవాడికి మర్యాద ఎక్కువైతే ఎంత చిరాకుగా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. మన రంగుల అల్లుడు ఏడాదిగా అనుభవిస్తున్నాడు. "మీరు కూర్చోండి అల్లుడుగారూ." "అయ్యో, మీకెందుకండీ ఆ శ్రమ!" "చేతులకి నూనె అంటుతుంది, అలా పక్కన పెట్టేయండి." పొద్దున లేచింది మొదలు అత్తగారి నోట ఇవే మాటలు. చూసేవాళ్లకి అది మర్యాదే. ఇతగాడికి మాత్రం గుమ్మంలో నిలబెట్టి మాట్లాడుతున్నట్టు ఉండేది.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. పైన కాపురం, కింద కార్ఖానా. అక్కడ మడత కత్తులు చేస్తారు. తోటపనివాళ్లు, బుట్టలల్లేవాళ్లు జేబులో వేసుకుని తిరుగుతారే, అవి. వీధి వైపు గదిలో మామగారు ఉక్కు కాల్చి, కొట్టి, పదును పెడతారు. నలభై ఏళ్ల సుత్తి దెబ్బలకి ఆయన చెవులు సెలవు పుచ్చుకున్నాయి. ఏ మాటైనా మూడుసార్లు చెప్పాలి, మూడోసారి కూడా ఆయనకి కావలసిందే వినపడుతుంది. వెనక గదిలో కిటికీ దగ్గర పొడుగాటి బల్ల. అది అత్తగారిది. ఆ కత్తులకి అక్రోటు కర్ర పిడులు తొడగడం, నునుపు చేయడం, మెరుగు పెట్టడం ఆవిడ పని. కూతురు ముందు కొట్లో కూర్చుని సరుకు అమ్ముతుంది. ఆ బల్ల దగ్గర అత్తగారు కాక ఇంకొకళ్లు కూర్చోగా ఎవరూ చూడలేదు.

మన అల్లుడు ఇదివరకు ఒక కుర్చీల ఫ్యాక్టరీలో స్ప్రే గన్నుతో రంగులు కొట్టేవాడు. మంచి పనివాడు, అందులో అనుమానం లేదు. ఫ్యాక్టరీ ఎక్కడికో తరలిపోయింది, ఇతను భార్యతో సహా ఇక్కడికి వచ్చాడు. వచ్చిన రోజే మామగారు "రంగుల అల్లుడు" అని పేరు పెట్టేశారు. వచ్చాక చేసిన పని ఏమిటయ్యా అంటే, పిడులకి కర్ర పలకలు కోయడం, పొట్టు ఊడవడం, తయారైన కత్తులు కాగితంలో చుట్టడం. అంతే. అతని కోరిక కూడా పెద్దదేం కాదు. ఆ కిటికీ దగ్గర కూర్చోవాలి, ఒక్క పిడికి తన చేత్తో మెరుగు పెట్టాలి, అత్తగారు దాన్ని చేతిలోకి తీసుకుని "బావుంది" అనాలి. భార్యతో చెప్పుకుంటే నవ్వింది. "నా పెళ్లికి ఒప్పుకోవడానికి మా అమ్మకి రెండు నెలలు పట్టింది. బల్ల ఇవ్వాలంటే రెండు జన్మలు పడుతుంది, ఓపిక పట్టండి" అంది.

ఓపికే పట్టేవాడు పాపం, ఒక మహాతల్లి కొట్లోకి రాకపోతే. ఆవిడ అద్దాల బీరువాలో కత్తులు చూసి మూతి విరిచింది. "ఇదేంటమ్మా, ఒకటి నల్లగా, ఒకటి ఎర్రగా, ఇంకోటి గరుగ్గా! ఒకే కర్ర అంటున్నారు, ఒకే ధర అంటున్నారు, రెండు కత్తులు ఒక్కలా లేవే! మిగిలిపోయిన సరుకులా ఉంది" అనేసి వెళ్లిపోయింది. పొట్టు ఊడుస్తున్న అల్లుడికి ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. నిజమే కదా, తనకీ ఎప్పట్నుంచో అదే సందేహం. ఫ్యాక్టరీలో రెండు కుర్చీల రంగు తేడా వస్తే సూపర్‌వైజర్ ఊరుకునేవాడా? అత్తగారిని అడిగితే "మీకెందుకండీ ఆ గొడవంతా" అంది. మళ్లీ అదే మర్యాద! పెద్దావిడ, చూపు ఆనట్లేదు కాబోలు, పైకి చెప్పుకోలేకపోతోంది అని జాలిపడ్డాడు కూడా. మనిషి మంచివాడే. తెలియనితనానికి మంచితనం తోడైందంటే మాత్రం ఇంక పట్టపగ్గాలుండవు.

సరిగ్గా అప్పుడే అత్తగారి చెల్లెలు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. ఈవిడ నాలుగు రోజులు సాయానికి వెళ్లింది. బల్ల మీద ఇరవై నాలుగు కత్తులు వరసగా ఉన్నాయి. ఊరవతల పళ్లతోట మేస్త్రి తన పనివాళ్లకని చెప్పి చేయించుకున్న, మొక్కలకి అంటు కట్టే కత్తులవి. ఒక్కో పిడికి దారంతో ఒక్కో చీటీ కట్టి ఉంది. "పొడుగాయన", "డబ్బాలు కడిగే ఆవిడ", "పెద్దాయన", "జిగురు పిల్ల", ఇలా. ఎవరి కత్తి వాళ్లకి. మేస్త్రి వచ్చి తీసుకెళ్లడానికి ఇంకా పదిహేను రోజులుంది.

అల్లుడు బల్ల ముందు నిలబడి చూశాడు. ఒక పిడి మాడిన రంగులో ఉంది, ఒకటి నూనె తాగి నల్లబడింది, ఒకటి అసలు మెరుగే పెట్టనట్టు తెల్లబోయి చూస్తోంది. ఇవి ఇలాగే వెళ్తే తోటలో నవ్వరూ? అత్తయ్య పరువేం కావాలి? పైన అటక మీంచి తన పాత స్ప్రే గన్ను దించాడు.

"ఏవండీ, అమ్మ వచ్చాక అడిగి చేద్దురుగాని" అంది భార్య.

"నువ్వు చూస్తూ ఉండు. వచ్చేసరికి మీ అమ్మ నోరు వెళ్లబెట్టాలి."

"అది మాత్రం ఖాయం" అందావిడ, కొట్లోకి వెళ్లిపోతూ.

రెండు రోజులు కష్టపడ్డాడు. చీటీలన్నీ తీసి ఒక డబ్బాలో వేశాడు. పిడులన్నీ గరుకు కాగితంతో ఒక్క తీరుగా రుద్దాడు, ఒకే రంగు పట్టించాడు, మూడు పూతలు వార్నిష్ కొట్టాడు. అబ్బో, ఎంత నిగనిగలు! ఇరవై నాలుగూ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. వాటిలో తన మొహం చూసుకుని తల కూడా దువ్వుకున్నాడు. మామగారిని పిలిచి చూపిస్తే ఆయన "అద్దాలు కూడా చేస్తున్నామా మనం?" అన్నారు. దాన్ని మెప్పు కింద జమకట్టాడు అల్లుడు. ఇక చివర్లో చీటీలు కట్టాలి. ఏ చీటీ దేనిదో గుర్తులేదు. అయినా అన్నీ ఒకేలా ఉన్నాక ఏది దేనికి కడితే ఏం అనుకుని, డబ్బాలోంచి చేతికొచ్చిన చీటీ చేతికొచ్చిన కత్తికి కట్టేశాడు. పప్పులో కాలేసింది ఇక్కడే.

అత్తగారు శుక్రవారం మధ్యాహ్నం దిగింది. చెల్లెలి కాలు కుదుటపడుతోందట, నోరు మాత్రం ఎప్పుడూ బాగానే ఉందట. నవ్వుతూ వెనక గదిలోకి వెళ్లింది. ఆ నవ్వు కిటికీ దాకా కూడా చేరలేదు. ఒక కత్తి తీసింది, తిప్పి చూసింది, పెట్టింది. ఇంకోటి తీసింది. అల్లుడు వెనకాలే నిలబడి ఆ "బావుంది" కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాడు.

"చీటీలు విప్పారా?"

"విప్పి మళ్లీ కట్టేశానండి అత్తయ్యా."

"ఏది దేనికో చూసే కట్టారా?"

"అన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ..." అంటూండగానే గొంతు సన్నబడిపోయింది.

అత్తగారు మూల ఉన్న నీళ్ల బకెట్టు బల్ల పక్కకి లాగింది. "చేతులు సబ్బుతో తడుపుకోండి. డబ్బాలు కడిగే ఆవిడ చేతులు రోజంతా అలాగే ఉంటాయి. ఇప్పుడు ఈ కత్తి తెరిచి, ఈ పుల్ల కోయండి."

తడుపుకున్నాడు. తెరిచాడు. పుల్ల మీద ఆనించి ఇలా నొక్కాడో లేదో, నిగనిగలాడే పిడి గుప్పిట్లోంచి సర్రున జారి బకెట్లో పడింది. వేలు తెగలేదంటే అదృష్టం.

"ఏం పడిందీ?" అని ముందు గదిలోంచి అరిచారు మామగారు.

"నా పరువు మావయ్యా!"

"బరువా? మెల్లిగా ఎత్తండి!"

నవ్వొచ్చే మాటే గానీ అక్కడ ఎవరూ నవ్వలేదు. అత్తగారి మొహం జేవురించింది. "బుద్ధుందా నీకు?" అంది. "రెణ్ణెల్ల కిందట ఆ తోటకి వెళ్లి ఇరవై నాలుగు మంది చేతులూ పట్టుకుని చూసొచ్చానే! చెమట పట్టే చేతికి నునుపు పెడితే జారదూ? పగుళ్లున్న చేతికి గరుకు పెడితే గీరుకోదూ? పిడి మెరుగు కళ్లకి కాదయ్యా, చేతికి! అడగొచ్చుగా నన్ను? నోట్లో నాలుక లేదా నీకు?"

అల్లుడికి తల తీసేసినట్టయింది. మరి చిత్రం చూడండి, అంత సిగ్గులోనూ లోపల ఎక్కడో ఒక మూల వెచ్చగా అనిపించింది. ఏడాదిలో మొదటిసారి తనని ఇంట్లో మనిషిని తిట్టినట్టు తిట్టింది మరి.

"అడిగానండీ. మీకెందుకండీ అన్నారు" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

ఆ మాటకి అత్తగారు ఆగిపోయింది. అడిగిన మాట నిజమే. దాటేసింది తనే. అది ఒప్పుకుంటున్నట్టు ఒక్కసారి తల ఊపింది, అంతకుమించి ఒప్పుకోలు ఆవిడ దగ్గర దొరకదు.

"ఆ ఇరవై నాలుగు చేతులూ నా తలలో ఉన్నాయి. కానీ చెప్పను" అంది చివరికి. "తోటకి వెళ్లు. నీ చేత్తో నువ్వే చూసుకో. వచ్చి నువ్వే బాగుచెయ్యి. పదిహేను రోజులుండేవి, ఇప్పుడు పదకొండున్నాయి. సరిగ్గా వస్తే ఈ పనిలో ఉంటావు. రాకపోతే పలకలు కోసుకో, ఇంకెప్పుడూ పిడుల జోలికి రాకు. నేను మళ్లీ తిట్టను కూడా."

తిట్టను అన్న మాటకే అల్లుడి గుండెల్లో రాయి పడింది. తిట్టదంటే మళ్లీ "మీరు కూర్చోండి అల్లుడుగారూ" అన్నమాట. జన్మంతా.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి తోటకి వెళ్లాడు. మేస్త్రి సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "చేతులు చూస్తారా? రండి రండి! ఒరేయ్, అందరూ రండిరా, జాతకాలాయన వచ్చాడు!" అని కేకేశాడు. ఇంకేముంది, చెట్ల కింద వరస కట్టేశారు. ఒకామె తనకి పెళ్లెప్పుడంది. ఒకడు తన అప్పచెల్లెళ్ల పోరు ఎప్పుడు తీరుతుందన్నాడు. అల్లుడు మొదట్లో చెవులెర్రబడి తలొంచుకున్నాడు గానీ, పదో చెయ్యి పట్టుకునేసరికి నవ్వులు వినపడటం మానేశాయి. చెయ్యి చెప్పే కబుర్లు అన్ని ఉన్నాయి మరి.

పొడుగాయన అరచెయ్యి పట్టుకుంటే తడి బట్ట పట్టుకున్నట్టుంది. ఆ చేతికి పూత పనికిరాదు, ఒట్టి తేనెమైనం రుద్ది కర్ర ఊపిరి కర్రకి వదిలేయాలి. డబ్బాలు కడిగే ఆవిడ పిడికి మంట చూపించి, ఇత్తడి బ్రష్షుతో గీకాలి. మెత్తటి కర్ర కాలిపోయి గట్టి చారలు పైకి తేలతాయి, తడిలోనూ పట్టు దొరుకుతుంది. అత్తగారి బల్ల మీద ఆ మాడు రంగు పిడి ఎవరిదో ఇప్పుడర్థమై, తన నెత్తిన తనే మొట్టుకున్నాడు. అంటు కట్టే పెద్దాయన వేళ్లు ఎండకి పగిలిన నేలలా ఉన్నాయి. ఆయనకి అవిసె నూనె ఏడు పూతలు పట్టించాలి, వెన్నలా ఉండాలి, పగుళ్లకి ఎక్కడా తగలకూడదు. "నీ చెయ్యి చల్లగా ఉందిరా అబ్బాయ్, ఇంకాసేపు పట్టుకో" అన్నాడు పెద్దాయన.

అందరికన్నా చివర్లో జిగురు పిల్ల వచ్చింది. చెట్లకి గాటు పడ్డచోట జిగురు గీకి, మందు పూసే పని ఆ అమ్మాయిది. వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. ఈ చేతికి నూనె పెడితే జిగురు కర్రలోకి ఇంకి, కత్తి చేతికి అతుక్కుపోతుంది. మైనమైనా అంతే. మరేం పెట్టాలి? కాసేపు ఆలోచించాడు. దేన్నీ లోపలికి పోనివ్వనిది, గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే పోయేది ఏముంది? ఉన్నట్టుండి పెద్దగా నవ్వేశాడు. ఆ పిల్ల బెదిరిపోయి "నా పెళ్లి అవదా ఏంటండీ?" అంది.

"అవుతుందమ్మా! నీ కత్తికి వార్నిష్!" అన్నాడు.

ఇంటికొచ్చి పనిలో పడ్డాడు. బల్ల తనది కాదు కాబట్టి మెట్ల మీద కూర్చున్నాడు. థిన్నర్ రాసి, గాజు ముక్కతో ఆ నిగనిగలన్నీ గీకి పారేశాడు, ఎంత ముచ్చటపడి పెట్టాడో అంత ముచ్చటగానూ. ఒక్క పిడి మాత్రం ముట్టుకోలేదు. ఎంత చిన్న తేడాకి పిడి రంగు మారిపోతుందో చేస్తుంటే తెలిసింది. ఒకే పలకలోంచి కోసిన రెండు ముక్కలు, ఒకటి నూనె గటగటా తాగేస్తుంది, ఇంకోటి పెదవి విప్పదు. అత్తగారు రోజుకి పదిసార్లు అతన్ని దాటుకుని మెట్లెక్కింది, దిగింది. ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. భార్య మాత్రం టీ తెచ్చి పక్కన కూర్చునేది. "ఎవరి పిడి ఇది?" అని అడిగితే "పొడుగాయన" అనేవాడు, "ఇది?" అంటే "పెద్దాయన" అనేవాడు. "నా చెయ్యి ఎలాంటిదో చెప్పండి చూద్దాం" అని చెయ్యి చాపింది. "అది ఎప్పుడో తెలుసుకున్నాలే" అన్నాడు. ఆ పూటకి టీ రెండో కప్పు దొరికింది.

పదో రోజు సాయంత్రం ఇరవై నాలుగూ బల్ల మీద పెట్టి, చీటీలు కట్టి, పక్కకి జరిగి నిలబడ్డాడు. రాత్రిళ్లు వరసగా నిద్ర లేదేమో కళ్లు మండుతున్నాయి. అత్తగారు కూర్చుంది. ఒక్కో కత్తీ తీసి, చీటీ చదివి, కళ్లు మూసుకుని గుప్పిట్లో పట్టుకుని చూసింది. ఒకటి. రెండు. ఏడు. మామగారు కూడా సుత్తి పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చారు. ఆ ఇంట్లో సుత్తి చప్పుడు ఆగడం ఎంత విడ్డూరమో ఆ ఇంటివాళ్లకే తెలుసు.

పద్నాలుగోది దగ్గర అత్తగారు ఆగింది. "బండి తోలే అతను. ఇతనిది చెమట చెయ్యి. నూనె ఎందుకు పెట్టావ్?"

అల్లుడు తగ్గలేదు. "బండి మానేశాడండి. నెల రోజులై అంటు కట్టే పనిలో ఉన్నాడు. చెమట లేదు, అరచెయ్యి కాయలు కాసి ఉంది. నేను రెండుసార్లు చూశాను."

ఆవిడ కత్తి పెట్టేసింది. జిగురు పిల్ల పిడి చేతికొచ్చింది. నిగనిగా మెరుస్తున్న ఆ వార్నిష్ మీద బొటనవేలితో ఒక్కసారి రాసింది. చాలాసేపు చూసింది. "నేను నూనే పెట్టాను దీనికి" అంది మెల్లిగా. "ఆ పిల్ల తన పాత కత్తి ఏడాదికోసారి తెచ్చి, బంక పట్టేసింది అని మార్పించుకునేది. నాకు ఇది తట్టలేదు."

ఇరవై నాలుగూ అయిపోయాయి. అత్తగారు బల్ల కింద సొరుగు లాగింది. అడుగునించి ఒక పాత కత్తి తీసింది. పిడి నల్లగా, నున్నగా అరిగిపోయి ఉంది. "ఇది నాది. పెళ్లైన కొత్తలో మీ మావయ్య చేసిచ్చింది. ఈ మధ్య చేతిలో నిలవట్లేదు" అంది. కొంచెం తటపటాయించి, కుడి చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టింది. "చూడు."

అల్లుడు బట్టకి చేతులు తుడుచుకుని, ఆ చెయ్యి పట్టుకున్నాడు. అరచెయ్యి కాగితంలా పల్చగా ఉంది, వేళ్ల సందుల్లో ముప్పై ఏళ్ల నూనె మరక. "గుప్పిట మూయండి" అన్నాడు. మూసింది. బొటనవేలు వచ్చింది, రెండు వేళ్లు వచ్చాయి. ఉంగరం వేలు, చిటికెన వేలు సగంలో ఆగిపోయి, అక్కడే సన్నగా వణికాయి. మళ్లీ మూయమన్నాడు. మళ్లీ అంతే. ఆ ఇరవై నాలుగు చేతులూ ఉన్నవి ఉన్నట్టే చూశాడు, ఈ చేతిలో కనిపించింది మాత్రం ఎలా దాస్తాడు?

"ఈ రెండు వేళ్లూ ముడుచుకోవట్లేదు అత్తయ్యా. ఎన్నాళ్లైంది?"

"ఏడాది దాటింది."

"ఎవరితోనూ చెప్పలేదేం?"

"నేను అందరి చేతులూ పట్టుకుని చూసేదాన్నే గానీ, నా చెయ్యి ఎవరైనా పట్టుకుని చూస్తేగా?" అంది. నవ్వుతూనే అంది, కళ్లు మాత్రం నిండాయి. గుమ్మంలో మామగారు ఈసారి ఒక్కసారికే విన్నారు. వచ్చి ఆవిడ వెనక నిలబడి, భుజం మీద చెయ్యి వేశారు.

అల్లుడు చెయ్యి వదల్లేదు. మూడు వేళ్లతో పాత పిడిని పట్టుకోమన్నాడు, ఎక్కడ ఖాళీ వస్తోందో గోరుతో గుర్తు పెట్టాడు. "దీనికి మెరుగు చాలదండీ. కింది భాగం లావు కట్టాలి. ఆ రెండు వేళ్లూ ఎంతవరకు వస్తాయో అంతవరకు కర్రే ముందుకొచ్చి ఆగాలి. పైన ఒట్టి మైనం. నున్నగా వద్దు."

"ఎన్ని రోజులు పడుతుంది?"

"పది."

"పది రోజులా!" ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని గట్టిగా నవ్వింది. "అప్పుడే నాకే వాయిదాలు పెడుతున్నాడమ్మా వీడు! నాలుగు రోజుల్లో ఇవ్వాలి, చెప్తున్నా." అని, బల్ల మీద ఎడం పక్కకి జరిగి, కిటికీ వెలుతురు పడేచోటు ఖాళీ చేసింది. "నిలబడి చేస్తావా ఏంటి? కూర్చో."

కూర్చున్నాడు.